వెలుగు పడని ఊరు

మొయినాబాదు దాటి చేవెళ్ల బాటన పోతే కుడిపక్కన ఒక ఊరుంది. ఆ ఊరి కావలికారు జంగయ్య ఇరవై రెండేళ్లు రాత్రిపూట కర్ర తాటిస్తూ, "హుషార్!" అని అరుస్తూ తిరిగాడు. కావలివాడు కునుకు తీయకుండా ఉంటాడా అని ఊరి అనుమానం. ఎక్కడ కూర్చున్నా "నిద్ర సరిపోయిందా జంగన్నా?" అని ఎగతాళి. కావలిలో ఒక్కనాడూ కన్ను మూయలేదన్నదే అతనికున్న ఘనత. ఆ ఘనతను నమ్మింది భార్య అంతమ్మ ఒక్కతే, అదీ పగలంతా అతని గురక వింటుంది గనుక.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం చలికాలంలో ఒక రాత్రి జంగయ్య జొన్నచేల గట్టున వస్తుంటే ఉన్నట్టుండి ఆకాశం తెల్లబడింది. గుమ్మడికాయంత చుక్క ఒకటి షాబాదు వైపు నుంచి నిప్పులు రాలుస్తూ దూసుకుపోయింది. జొన్నకంకులకు నీడలు పడ్డాయి. ఆ వెలుగులో, పది అడుగుల దూరంలో, ఊరి పటేలు కనిపించాడు. విధవరాలు ధనమ్మ చేని హద్దురాయిని పొట్టకు ఆనించి మోస్తున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాపం, ముఖం దాచుకుందామన్నా పటేలుకు చేయి ఖాళీ లేదు. తర్వాత చీకటి, వెనకాలే పెద్ద ఉరుము.

తెల్లారేసరికి పటేలు ఊరికంతా చెప్పించాడు: "రాత్రి ఏ వెలుగూ రాలే. వచ్చిందన్నోడు నాకొచ్చి చెప్పాలె." సగం ఊరు ఆయన పొలాల్లోనే పనిచేస్తుంది. వాకిట్లో నిలబడి నోరు తెరుచుకుని చూసినవాళ్లంతా రాత్రి దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లయిపోయారు. జంగయ్యకైతే రెండెకరాల కావలి మాన్యం పటేలు మాట మీదే ఉంది.

"అన్నా, నా హద్దురాయి మూడు బారలు జరిగింది. నువ్వేమన్న చూసినవా?" అని ధనమ్మ అడిగింది.

"లే చెల్లె" అన్నాడు, ఆమె ముఖం చూడలేక.

నాలుగో రోజున చేవెళ్ల నుంచి భూముల లెక్కలు చూసే గిర్దావరు గుర్రం మీద వచ్చి చావడిలో కూర్చున్నాడు. చుక్క ఎక్కడ పడిందో సర్కారుకు వివరం కావాలట.

"షాబాద్ చూసింది, హిమాయత్‌నగర్ చూసింది. మీ ఊరొక్కటే ఎట్ల చూడలే?"

"మా ఊరు జర పల్లంల ఉన్నది సర్కార్" అన్నాడు పటేలు.

గిర్దావరు పల్లాన్ని కూడా రాసుకున్నాడు. "అయితే కావలికారు పండుకున్నడన్నట్టు. అదే రాస్త. ఏలిముద్ర వెయ్" అన్నాడు జంగయ్య వైపు తిరిగి.

"రాయండి సర్కార్. వాడు రోజు పండుడే" అన్నాడు పటేలు హాయిగా. చావడి బయట నవ్వులు.

సిరా పూసిన బొటనవేలు కాగితం దాకా పోయింది. నిజం చెబితే మాన్యం పోతుందని జంగయ్యకు తెలుసు. కానీ ఇరవై రెండేళ్ల రాత్రులు! వేలు వెనక్కి లాక్కున్నాడు.

"నేను పండలే సర్కార్. చూసిన. ఎంత వెలుగంటే, పటేలు మోస్తున్న ధనమ్మ హద్దురాయికి అంటిన తడిమన్ను సుత కనబడ్డది."

గిర్దావరు గొలుసు వేసి చేను కొలిపించాడు. రాయి తన చోటికి తాను వచ్చింది. ఉగాదికల్లా ఏదో వంక పెట్టి జంగయ్య మాన్యమూ, కావలీ వేరేవాడికి ఇచ్చారు. కొత్త కావలికారు మొదటి రాత్రే గట్టు మీద గుర్రుపెట్టి పడుకున్నాడు. అది చూసింది జంగయ్య ఒక్కడే. అలవాటు కొద్దీ అతను ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.