మేడ మీది రెండు సంచులు

మొన్న ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, వీపుల మీద వడ్ల బస్తాలంత సంచులు మోసుకుంటూ ఒక తెల్లజంట వచ్చి, ఫోనులో ఏదో పేరు చూపించి ఏ బస్సు ఎక్కాలని అడిగారు. చెప్పాను. నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోయారు. అంతా మర్యాదగానే జరిగింది గానీ, వాళ్ళు మాట్లాడుతున్నంతసేపు నా చూపు వాళ్ళ మొహాల మీద లేదు, సంచుల జిప్పుల మీద ఉంది. ఏ జేబు ఉబ్బింది, ఏది బరువుగా వేలాడుతోంది అని లెక్కగడుతున్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నాది జీతంతో వచ్చిన బుద్ధి, కనీసం పింఛనుతోనన్నా పోవాలి కదా. పోలేదు.

నాచారం పారిశ్రామికవాడలో రాగితీగ తీసే ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాను. షిఫ్టు వదలగానే బయటికొచ్చే మనుషుల సంచులూ టిఫిను డబ్బాలూ విప్పించి చూడడమే నా కొలువు. అడుగున తీగ చుట్టి, పైన పెరుగన్నం పరిచి పట్టుకుపోతున్న డబ్బాను మూత తీయకుండానే, బరువు చూసి పట్టేసిన ఘనత నాది. ఆ ముచ్చట ఇప్పటికీ ఎవరైనా వినేవాళ్ళు దొరికితే చెబుతాను. నాకు పని నేర్పిన పెద్దమనిషి మాత్రం పట్టుకోవడం గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. "సంచిల చెయ్యి బెట్టినమంటే మనిషి పరువుల చెయ్యి బెట్టినట్టే. తీసినదానికన్న మంచిగ సర్ది ఇయ్యాలె" అనేవాడు. అందుకని మాసిన చొక్కా అయినా సరే కాలరు పైకి, చేతులు వెనక్కి, మూడు మడతలు పెట్టి ఇచ్చేవాణ్ణి. అదే చేతి అలవాటు ఇంట్లోనూ వచ్చింది. తీగ మీద ఆరిన బట్టలు మడతపెట్టడం నా వంతు. మా ఇంటామె చూసి, "ఇది బట్టలు మడతబెట్టుడు గాదు, కోర్టు కాయిదం మడతబెట్టుడు" అని నవ్వేది.

కొలువు అయిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. చిల్కానగర్‌లో మా ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉండేది. కంప్యూటరు ఉద్యోగం చేసే నా మేనల్లుడు దాని ఫోటోలు తీసి ఫోనులో ఎక్కడో పెట్టాడు. పెళ్ళికాని కుర్రాడెవడో వస్తాడనుకుంటే, ఎండ పొడుస్తున్న ఒక చైత్రమాసపు పొద్దున స్లొవేనియా నుంచి ఒక జంట దిగింది. ఆ పేరుతో దేశం ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మేనల్లుడు పటం తెరిచి చూపించాక కూడా, అంత చిన్న దేశంలో ఇంత పొడుగు మనుషులు ఎలా పట్టారా అనుకున్నాను. పాస్‌పోర్టుల్లో ఇద్దరి ఇంటిపేర్లు వేరు. మెడలో ఏమీ లేదు, వేలికి ఏమీ లేదు. పోలీసు కాగితాలు మేనల్లుడే నింపాడు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. కాగితాలు అంత శుభ్రంగా ఉన్నవాళ్ళు ఇంత మాసిన బూట్లతో ఎందుకు తిరుగుతున్నారని నాకు అక్కడే తేడా కొట్టింది.

గది చూశాక ఆ అమ్మాయి, తాళానికి ఇంకో చెవి ఉందా, ఎవరి దగ్గర ఉంటుంది అని మేనల్లుడి ద్వారా అడిగించింది. మా ఇంటామె వరండాలో కుట్టుమిషను ముందు నుంచి లేచి వెళ్ళి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఇంకోటి మా తాన ఉంటది బిడ్డా. గానీ మీ గదిలకు ఎవ్వరు రారు. నాది జిమ్మ" అని మాటిచ్చింది. మా ఇంటామె మాటిచ్చిందంటే పండుగ ముందురోజు జ్వరంతో కూర్చునైనా జాకెట్టు కుట్టి ఇచ్చే రకం. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వాళ్ళు ఉన్నది ఇరవై రోజులు. ఆ ఇరవై రోజులూ వాళ్ళు హైదరాబాదును చూసిన పద్ధతి నేను అంతకుముందు గాని తరువాత గాని ఎక్కడా చూడలేదు. పొద్దున్నే బండి దగ్గర ఇడ్లీ తిని, మా ఫిల్టరు నీళ్ళు సీసాల్లో నింపుకుని, రింగు రోడ్డుకు నడిచిపోయేవాళ్ళు. రోజంతా చెల్లే పాసు ఒకటి కొనుక్కుని, ఏ బస్సు ముందొస్తే ఆ బస్సు ఎక్కి చివరి స్టాపు దాకా పోవడం, అక్కడ కాళ్ళు మొరాయించేదాకా నడవడం, మళ్ళీ బస్సెక్కి రావడం. సాయంత్రం మేడ మీద చిన్న స్టవ్వు వెలిగించి టమాటలూ అన్నమూ కలిపి ఏదో ఉడికించుకునేవాళ్ళు. ఆయన కోస్తే ఈమె ఉడికించేది, ఈమె తోమితే ఆయన కడిగేవాడు. కీసరగుట్ట ఎక్కిన రోజు కోతి ఆయన టోపీ ఎత్తుకుపోయిందట. ఆ అమ్మాయి మెట్ల మీద కోతిలా గెంతి చూపిస్తే, మా ఇంటామె మిషను ఆపి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. చార్మినారుకు ఒక్కసారి పోయి, ఊరవతల చూడడానికేమీ లేని ఘట్‌కేసర్‌కు మూడుసార్లు పోయిన మనుషులను నమ్మడమెలా?

ఈ ప్రశ్న నాకొక్కడికే రాలేదు. పక్కింటాయన ప్లాట్ల బ్రోకరు. ఒకరోజు గోడ మీదుగా తల పెట్టి, "అన్నా, పైసల్లేనోడు గింత దూరం రాడు. పైసలున్నోడు సిటీ బస్సెక్కడు. ఏదో ఉన్నది" అన్నాడు. ఆయన లెక్కలో వాళ్ళు ఏదో విదేశీ కంపెనీ పంపిన మనుషులు. భూములు చూడడానికి వచ్చారు. ఘట్‌కేసర్ దిక్కు పెద్దదేదో లేస్తుంది. ఆ మాట ఒట్టిదని పైకి అన్నాను గానీ, నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

మరునాడు వాళ్ళు గేటు దాటగానే, ట్యాంకు నిండిందేమో చూసొస్తానని చెప్పి, గోడ మేకుకు తగిలించి ఉన్న రెండో తాళంచెవి జేబులో వేసుకుని మేడెక్కాను. కింద మిషను చప్పుడవుతూనే ఉంది. రెండు సంచులూ విప్పాను. గుడ్డలు కుక్కినవి కుక్కినట్టున్నాయి. మేజోళ్ళు, ఒక తాడు, మాత్రలు, సగం ఉల్లిగడ్డ, ఎవరిదో ముసలమ్మ ఫోటో, ఒక నోటుపుస్తకంలో అతికించిన బస్సు టికెట్లు, ఎర్ర గీతలు గీసిన ఊరి పటం. ఏమీ దొరకలేదు. గేటు దగ్గర పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఏమీ దొరకకపోతే అనుమానం తీరదు, పెరుగుతుంది. బాగా దాచారనిపిస్తుంది. అందుకే రెండు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. ఆ పైవారం మూడోసారి. ఎర్ర గీతల సంగతి బ్రోకరు చెవిన కూడా వేశాను. ఆయన పని మానుకుని వాళ్ళ వెనకాలే ఘట్‌కేసర్ పోయి, సాయంత్రానికి ఎండకు కమిలిన మొహంతో వచ్చి, "స్టేషన్ల బెంచి మీద కూసోని పల్లికాయ తినుకుంట రైళ్ళు జూసిన్రన్నా. రెండు గంటలు. నేను గూడ జూసిన" అన్నాడు. భూమి ఆశ ఆయనకు ఆ రోజుతో తీరింది.

వాళ్ళు పోవడానికి మూడు రోజుల ముందు, నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. చేతిలో ఆయన చొక్కా ఉంది. కాలరు పైకి, చేతులు వెనక్కి, మూడు మడతలు. ముప్పై ఏళ్ళ అలవాటు, కుక్కిన చొక్కాను కుక్కినట్టు పెట్టడం నా చేతులకు రాలేదు. నాకే తెలియకుండా మూడుసార్లూ అన్నీ మడతపెట్టి పెట్టాను. ఆ పిల్ల ఆ చొక్కాను మా ఇంటామెకు చూపించి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఇన్ని పనుల్లో మా బట్టలు కూడా మడతపెడుతున్నావు, మా అమ్మ కూడా ఇలా చెయ్యదు అని వచ్చీరాని ఇంగ్లీషులోనూ సైగల్లోనూ చెప్పి, "అమ్మా, థాంక్యూ" అంది.

మా ఇంటామె చొక్కా అందుకుంది. తిప్పి చూసింది. మడత మీద బొటనవేలు ఒకసారి రాసింది. నా వైపు చూడలేదు. నేను పేపరు వెనకాల దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆమె నోటి నుంచి ఏం వస్తుందా అని ఆ క్షణంలో నేను పడ్డంత భయం గేటు దగ్గర ఎవడి కళ్ళల్లోనూ చూడలేదు. ఆమె చొక్కా ఆ పిల్ల చేతిలో పెట్టి, "దాందేముంది బిడ్డా, పైకొచ్చినప్పుడు ఊకెనే మడతబెట్టిన" అంది. బతికిపోయాననుకున్నాను. నిజంగానే అనుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆ పూట అన్నం ఎప్పటిలాగే వడ్డించింది. మేకుకు ఉండే తాళంచెవి మాత్రం ఆమె కొంగుకు ముడిపడి ఉంది. మూడో రోజు ఆ జంట సంచులు భుజానికెత్తుకుని, ఆమెను కావలించుకుని, నాకు దండం పెట్టి, ఆటో కూడా పిలవకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. సందు మలుపు తిరిగేదాకా చూసి వచ్చి, మా ఇంటామె మిషను ముందు కూర్చుంది. సూదిలో దారం ఎక్కిస్తూ, "నా నోటితోని అబద్ధం ఆడిపిచ్చినవ్" అంది. తప్పయిందన్నాను. "నాకెందుకు జెప్తవ్? చెప్పాల్సినోళ్ళు పోయిన్రు" అంది.

మరునాడు నాచారం మార్కెట్టుకు పోయి వచ్చి, వంటింట్లోకి పోకుండా నా కుర్చీ ముందు ఆగింది. సంచి కింద పెట్టి బీరకాయలు తీసింది, కొత్తిమీర కట్ట తీసింది, చిల్లర పర్సు తెరిచి పెట్టింది, ఖాళీ సంచి రెండుసార్లు దులిపింది. "జూసుకో" అంది. పరాచికమాడుతోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. అన్నీ మళ్ళీ సంచిలో వేసుకుని లోపలికి పోయింది. తరువాతి రోజూ అంతే. పెళ్ళికి పోయి వచ్చినా అంతే, దవాఖానాకు పోయి వచ్చినా అంతే. ఆ ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలు కూడా నా కాళ్ళ ముందు కుప్పపోసి చూపించింది. చుట్టాలెదుట మాత్రం చెయ్యలేదు. నా పరువు ఆమె అక్కడ కూడా కాపాడింది. కొట్టినా తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. గేటు దగ్గర ముప్పై ఏళ్ళు నా ముందు సంచులు విప్పినవాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చేవాళ్ళు.

చలికాలంలో ఒకరోజు, ఏ పండుగా ఏ విశేషమూ లేని రోజు, ఆమె మార్కెట్టు నుంచి వచ్చి, సంచి పట్టుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను. లోపల గిన్నెల చప్పుడయింది, నూనెలో ఆవాలు చిటపటలాడాయి. మళ్ళీ ఎన్నడూ సంచి విప్పలేదు. క్షమించి మానేసిందా, ఇక చాలనుకుని మానేసిందా అని ఆ రోజే అడగాల్సింది. ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ ఇన్నేళ్ళు గడిచాయి. ఇప్పుడు అడిగితే ఏ సంచి, ఎప్పటి మాట అంటుందేమోనని ఒక భయం, అన్నీ గుర్తున్నాయంటుందేమోనని ఇంకో భయం. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మాన్పుతుందో, అడిగే వేళ దాటించి ఊరుకుంటుందో, నాకైతే అనుమానమే.