సాంబారు తర్వాత సముద్రం

మా గోవిందప్ప నాలుక మీద వేసుకోనిదే లోకంలో దేన్నీ నమ్మేవాడు కాదు. మదనపల్లె టమోటా యార్డులో ఆయన మండీకి నేను గుమాస్తాను. సరుకు దిగిందంటే ముందు ఒక కాయ కొరకాల్సిందే. అంతవరకైతే వ్యాపారం అనుకోవచ్చు. ఇల్లు కట్టేటప్పుడు ఇసుక కూడా నోట్లో వేసుకుని, "మట్టి కలిసుండాది" అని లారీ వెనక్కి పంపాడు. డాక్టరు టానిక్కు రాసిస్తే, "ముందు మీరు రుచి చూసినారా సార్?" అని అడిగాడు.

అలాంటి మనిషి తొంభై ఎనిమిదిలో బెంగళూరు పోయి, సముద్రం చేపలు సాకుతానంటూ అద్దాల తొట్టితో దిగాడు. భార్య రెడ్డెమ్మ దాన్ని గడప దాటనివ్వలేదు. దాంతో తొట్టి బస్టాండు దగ్గర ఆదిలక్ష్మమ్మ మెస్సుకు చేరింది. భర్త పోయాక ఆమెకు ఆ మెస్సే ఆధారం. ఆ ఏడు ఎందుకో అదీ మూతపడేలా ఉండింది. ఒకరోజు సాంబారు చప్పన, మరునాడు ఉప్పు కషాయం. తినేవాళ్ళు ఒక్కొక్కరే పక్క హోటలుకు జారుకుంటున్నారు.

"చేపల్ని చూసేదానికన్నా జనం వస్తారమ్మా," అని తొట్టిని గల్లాపెట్టె పక్కన పెట్టించాడు గోవిందప్ప.

నీళ్ళు కుదురుకునేదాకా చేపల్ని వేయకూడదని బెంగళూరు అంగడాయన చెప్పాడట. నెల దాటినా తొట్టిలో నీళ్ళూ ఇసుకా తప్ప ఏమీ లేవు. వచ్చినవాళ్ళు తొంగిచూసి, "చేప యాడన్నా?" అనేవాళ్ళు. "వస్తాండాది," అనేవాడు, రైలు గురించి చెప్పినట్టు. మధ్యలో నీళ్ళు ఆవిరై తగ్గితే మళ్ళీ ఉప్పునీళ్ళే పోశాడు. ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదని తెలిసేలోగా తొట్టి ఊరగాయ జాడీ అయింది. చేపలు ఇంకా రాలేదు కాబట్టి బతికిపోయాయి.

చివరికి నారింజ రంగు మీద తెల్లపట్టీలతో రెండు చేపలు వచ్చాయి. "కూరకెప్పుడన్నా?" అని అడిగినాయనకు ఆ పూట అప్పడం పడలేదు.

ఉప్పు చూడ్డానికి గాజు మీటరుంది. కానీ అది చెప్పింది గోవిందప్ప నాలుక ఒప్పుకోవాలి. రెండు పూటలా వంట దిగే వేళకు వచ్చేవాడు.

"ముందు గరిటెడు సాంబారు పొయ్యమ్మా. అది తాగితేనే నా నాలుక దారికొస్తాది."

తాగి, "ఉప్పు చాల్లా" అనేవాడు. ఆమె వేసేది. మళ్ళీ తాగి, "ఇప్పుడు బాగుండాది" అన్నాకే తొట్టిలో వేలు ముంచేవాడు. మేమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. మెస్సు మాత్రం మళ్ళీ నిండసాగింది. చేపల చలవ అనుకున్నాం.

ఒకసారి కుప్పంలో పెళ్ళికి పోతూ ఆ పని నాకు అప్పగించాడు. "నీళ్ళకు మీటరుండాది. సాంబారు మాత్రం మరవొద్దు," అన్నాడు.

తాగి చూస్తే ఉప్పే లేదు. చెప్పాను. ఆదిలక్ష్మమ్మ కాస్త వేసి కలిపి, నా ముఖంలోకి చూసింది.

"ఇప్పుడెట్లుండాదప్పా?"

"ఇంకా చాల్లా."

మళ్ళీ వేసింది. "ఇప్పుడు?"

"నువ్వే చూడొచ్చు కదమ్మా."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "జ్వరమొచ్చి పోయినప్పట్నుంచి నా నాలుకకు ఏ రుచీ తెలీదప్పా. బయటపడితే మెస్సుకు ఎవురొస్తారని ఎవురికీ చెప్పలా. ఆయప్పక్కూడా."

నాకు గోవిందప్ప మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ పుట్టలేదు.

తిరిగొచ్చాక మండీలో పట్టుకుని అడిగాను. "ఆయమ్మ సంగతి నీకు ముందే తెలుసు కదన్నా?"

"ఆయమ్మ చెప్పని మాట నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు, నా వైపు చూడకుండా.

"సరే, తెలీదు. సాకేదేదో చెరువు చేపల్నే సాకుంటే పోయేది కదా. సముద్రం చేపలు యాల?"

గోవిందప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మంచినీళ్ళ తొట్టిలో ఉప్పు చూసేదానికి దినామూ రెండు పూటలా పోతే, ఆయమ్మ నమ్ముతాదా సుదర్శనా?"