జపాన్ కరెంటు కుక్కరు

జపాన్‌లోని క్యోటో గురించి ఏం తెలుసుకోవాలన్నా నన్నడగమని, ఈ పరాయి దేశంలో మా తెలుగువాళ్ళ మధ్య ఒక మాట పాకిపోయింది. మా ఆఫీసున్న చాంగీ బిజినెస్ పార్క్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ, పేరు కూడా తెలియని కుర్రాళ్ళు వచ్చి నా ఎదురుగా ప్లేటు పెట్టుకుని కూర్చుంటారు. "అంకుల్, హోటల్ స్టేషన్ దగ్గర తీసుకోవాలా, నది పక్కన తీసుకోవాలా?" అని మొదలుపెడతారు. నేను చెబుతాను. పొద్దున్నే ఏ బస్సులో జనం తక్కువో, ఏ గుడి సాయంత్రం తొందరగా మూసేస్తారో, శాకాహారులు ఏ సూపు జోలికి పోకూడదో అన్నీ చెబుతాను. చివర్లో అందరూ ఒకటే అడుగుతారు, మీరెన్నిసార్లు వెళ్ళారంకుల్ అని. ఒక్కసారి కూడా వెళ్ళలేదంటే జోకనుకుని నవ్వుతారు. మొదట్లో నేనూ వాళ్ళతో కలిసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది, అయినా చెప్పడం మానను.

అసలీ క్యోటో పిచ్చి నాది కాదు, మా ఆవిడది. తను తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో అకౌంట్లు చూసేది. వాళ్ళకి జపాన్ వాళ్ళతో వ్యాపారం ఉండేది. ఏడాదికోసారి అక్కడినుంచి గోడ కేలండర్ వచ్చేది. ఒక ఏడాది ఏప్రిల్ పేజీలో సన్నటి కాలువ, దాని పక్కన ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత దారి, పైన లేత గులాబీరంగు పూలు. బొమ్మ కింద క్యోటో అని రాసుంది. ఏప్రిల్ అయిపోయినా తను ఆ పేజీ తిప్పలేదు. ఏడాది అయిపోయినా కేలండర్ తియ్యలేదు. బుకిట్ పంజాంగ్‌లో మా వంటింట్లో, ఫ్రిజ్ పక్కన, ఆ ఏప్రిల్ ఏళ్ళ తరబడి అలాగే వేలాడింది. పోపుల నూనె తగిలి అంచులు పసుపెక్కాయి.

"ఒక్కసారి ఆ దారిలో నడిచొస్తే చాలండీ. ఇంకేం అడగను మిమ్మల్ని" అంది ఒకరోజు.

పెళ్ళయినప్పటినుంచి తను అడిగింది కూడా పెద్దగా ఏం లేదు. సరే అన్నాను.

సరే అన్నాక ఆ ప్రయాణం నా చేతికి చిక్కిపోయింది పాపం. నేను బ్యాంకులో ప్రాజెక్టులు నడిపే మనిషిని. ఏ పనైనా గళ్ళు గీసి, గడిలో రంగు వేస్తేగాని నాకు నిద్రపట్టదు. ఆదివారం టిఫిన్లు కాగానే డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచేవాణ్ణి. ఐదు రోజుల ప్రయాణం. మొదటిరోజు కొండమీద ఎర్ర కమానుల దారి, కిందనుంచి పైదాకా. రెండోరోజు కొండ అంచున ఉన్న చెక్క గుడి, అక్కణ్ణుంచి పాత వీధులు. వాన పడితే ఏం చెయ్యాలో పక్కన ఇంకో వరస. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నా భుజం మీదుగా తొంగిచూసి, "నాన్నా, దిస్ ఈజ్ హాలిడే లా, నాట్ ఆఫీస్" అని ఇక్కడి యాసలో వెక్కిరించేది. మా ఆవిడ మాత్రం కూరగాయలు తరుగుతూ ఒకటే అడిగేది, కాలువ ఏ రోజు అని. చివరిరోజు పెట్టాను. మంచిది చివరికి ఉంచుకోవాలని నాకో నమ్మకం.

తర్వాత తిండి సంగతి. తనకి నీచు వాసన కూడా పడదు. అక్కడ కూరగాయల సూపులో కూడా చేపనీళ్ళు పోస్తారని తెలిశాక, మనవాళ్ళు ఏ దేశం వెళ్ళినా చేసే పనే మేమూ చేద్దామనుకున్నాం. రైస్ కుక్కరు, బియ్యం, కందిపొడి, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళి హోటల్ గదిలో తలుపేసుకుని అన్నం వండుకోవడం. అయితే జపాన్‌లో కరెంటు వేరు. ఇక్కడి కుక్కరు అక్కడ పెడితే అన్నం ఉడకదు, అక్కడి కుక్కరు ఇక్కడ పెడితే కాలిపోతుంది. ఇది తెలుసుకుని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. వెతికి వెతికి జపాన్ కరెంటుకి నడిచే చిన్న కుక్కరు తెప్పించాను. తెల్లది, ముగ్గురికి సరిపడేది. తను దాన్ని అట్టపెట్టెలోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, మూత తెరిచి లోపలికి చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టింది. సూట్‌కేసులోకి అన్నిటికంటే ముందు చేరింది అదే.

రేపో మాపో టికెట్లు కొంటామనగా మా నాన్నగారు పోయారు. ఊరెళ్ళి కర్మకాండలన్నీ చేసి వచ్చాను. కొన్నాళ్ళకి, మనసు మళ్ళుతుందేమోనని, నేనే మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. తనొచ్చి దాన్ని మెల్లిగా మూసేసింది.

"మీకు ఏటి సూతకం ఉంది. సంవత్సరీకాలు అయ్యేదాకా గుడి గడప తొక్కకూడదు. అక్కడ చూసేవన్నీ గుళ్ళేగా?"

"అవి మన గుళ్ళు కాదే. బుద్ధుడి గుళ్ళు."

"బుద్ధుడెవరు మరి? దశావతారాల్లో చెప్పరా?"

గుళ్ళన్నీ వదిలేసి ఒక్క కాలువే చూసొద్దామన్నాను. "కాలువ చివర ఉన్నది కూడా గుడే. మీరే రాశారు దాంట్లో" అంది. పంతం కొద్దీ, ఇక్కడ మాకు తెలిసిన పంతులుగారికి ఫోన్ చేశాను. "జపాన్ సంగతి శాస్త్రంలో ఎక్కడా లేదండీ. సందేహం ఉన్నప్పుడు ఆగడమే మంచిది. ఏడాది ఎంతలో గడుస్తుంది?" అన్నారు.

ఎంతలో గడవాలో అంతలోనే గడిచింది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఎవరిమీద కోప్పడాలో తెలియక వంటింటి గిన్నెలమీద కోప్పడతాను. పంతులుగారు అడిగినదానికి చెప్పారు. మా నాన్నకి పద్ధతులంటే ప్రాణం, తనకి మా నాన్నంటే గౌరవం. ఎవరూ తప్పు చెయ్యలేదు, అదే నాకు మింగుడుపడదు.

ఎందుకంటే తను బాగా నడిచిన చివరి ఏడాది అదే. ఆ ఏడాది మధ్యలో తన ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. రైలు దిగి రెండడుగులు వేశాక చెప్పు వెనక ఉండిపోయేది, తను నవ్వుతూ వెనక్కెళ్ళి తొడుక్కునేది. చెప్పులు బాగాలేవని కొత్తవి కొన్నాం. అవీ జారాయి. వెనక పట్టీ ఉన్నవి కొన్నాం. అప్పుడు చెప్పు జారలేదు, మనిషే పడిపోయింది.

ఆస్పత్రుల్లో పరీక్షలన్నీ అయ్యాక నరాల డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. కాళ్ళలో బలం కొంచెం కొంచెంగా పోతుంది, తర్వాత చేతుల్లో. తగ్గించే మందు లేదు, నెమ్మదిగా పోయేటట్టు చూసే మందుంది, అది కూడా పనిచేస్తే. తను అంతా శ్రద్ధగా విని, "ఏప్రిల్‌కి నడవగలనా డాక్టర్?" అని అడిగింది. ఆయనకి ఏప్రిల్ సంగతి తెలియదు. ఏదైనా అనుకున్నది ఉంటే తొందరగా చేసెయ్యమన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు రైల్లో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. రైలు నిండా జనం, ఏడవలేకపోయాను.

తొందరగా చెయ్యడం మా చేతుల్లో లేదు. ఆ మందు తన ఒంటికి పడలేదు. వాంతులు, నీరసం, మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ ఇల్లు. అంతా సర్దుకుని మంచం దిగేసరికి తన చేతిలో ఊతకర్ర ఉంది, నా సూతకమూ తీరిపోయింది.

అప్పటినుంచి ప్లాను తగ్గించడం మొదలుపెట్టాను. మొదట కొండమీది ఎర్ర కమానులు పోయాయి. పైదాకా కాకపోతే సగందాకా అనుకున్నాం, తర్వాత కింద నిలబడి చూద్దాం అనుకున్నాం, తర్వాత ఆ రోజునే తీసేశాను. చెక్క గుడికి ఎక్కుడు దారి, అదీ పోయింది. బస్సుల చోట టాక్సీలు రాశాను. ఐదు రోజులు నాలుగయ్యాయి, మూడయ్యాయి. ఆదివారాల్లో కీబోర్డు మీద చెరిపే మీట నొక్కడమే నా పని. తను పక్కన కూర్చుని, "పోతే పోయిందిలెండి, అది ఫోటోల్లో చూసేశాం" అనేది. చివరికి అన్ని గళ్ళూ ఖాళీ అయిపోయి ఒక్క కాలువ దారి మిగిలింది. దాన్ని మాత్రం తను ముట్టుకోనివ్వలేదు.

మా బ్లాకు వెనక ఒక సిమెంటు కాలువ ఉంది. వానొస్తే నిండుగా పారుతుంది, లేకపోతే అడుగున నీటి చార తప్ప ఏం ఉండదు. దాని పక్కనే సైకిళ్ళవాళ్ళూ నడిచేవాళ్ళూ పోయే దారి, కొంతదూరంలో చిన్న వంతెన. తను ఒక షరతు పెట్టింది.

"ఆ వంతెన దాకా పోయి, తిరిగి ఇంటికి రావాలి నేను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. అట్టా వస్తే ఆ రోజే టికెట్లు కొనండి."

రోజూ సాయంత్రం దిగేవాళ్ళం. కొన్ని రోజులు వంతెన కనబడేదాకా వెళ్ళింది, కొన్ని రోజులు దానికి చాలా ఇవతలి బెంచీ దగ్గరే ఆగిపోయింది. నేను పక్కన నడిచేవాణ్ణి, చెయ్యి మాత్రం ఇవ్వకూడదు. ఎదురుగా కుక్కల్ని తిప్పే ముసలివాళ్ళు మాకంటే జోరుగా పోతుంటే నాకు వాళ్ళమీద కూడా కోపమొచ్చేది. వారాలు గడిచేకొద్దీ తను ఆగే బెంచీ ఇంటికి దగ్గరవుతూ వచ్చింది. అది ఇద్దరం చూశాం.

ఒకరోజు మాత్రం ఏం పూనిందో, బెంచీలన్నీ దాటేసింది. పళ్ళు బిగపట్టి, కర్ర పొడుచుకుంటూ, వంతెన దాకా వెళ్ళి దాని కమ్మీ పట్టుకుంది. నేను అక్కడే ఫోన్ తీశాను. టికెట్ల పేజీ తెరిచాను.

"ఆగండి. తిరిగి రావాలిగా" అంది.

తిరిగి రాలేకపోయింది. కమ్మీ వదిలితే కాళ్ళు నిలవలేదు. ఇద్దరం వంతెన మెట్టుమీద కూర్చుండిపోయాం. నేను ఫోన్ చేస్తే మా అమ్మాయి ఆస్పత్రివాళ్ళిచ్చిన చక్రాల కుర్చీని, అప్పటిదాకా తలుపు వెనక మడిచి పెట్టిందాన్ని, తోసుకుంటూ వచ్చింది. తను అందులో మొదటిసారి కూర్చున్నది ఆ రోజే. ఆ తర్వాత కాలువ దగ్గరికి వెళ్దామని తను అడగలేదు.

కొన్నాళ్ళాగి మా అమ్మాయీ నేనూ కూడబలుక్కుని అడిగాం. "అమ్మా, వీల్‌చెయిర్‌లో వెళ్దాం లా. జపాన్ వెరీ ఫ్రెండ్లీ. లిఫ్ట్ ఎవ్రీవేర్" అంది అమ్మాయి.

"మోయించుకుని ఊరేగడానికి నేనేమన్నా ఉత్సవ విగ్రహాన్నా?" అని నవ్వేసింది. తర్వాత నవ్వు ఆపి, "బండిలో కూర్చుంటే మీ నాన్న నా వెనక ఉంటారమ్మా. నా పక్కన ఎవరుంటారు?" అంది.

అమ్మాయి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. నాకు ఎక్కడికెళ్ళాలో తెలియలేదు.

ఈ ఏడాది మా ఆఫీసులో చేరిన ఒక కుర్రాడు భార్యని తీసుకుని మా ఇంటికొచ్చాడు. వాళ్ళూ క్యోటోకే. నేను లాప్‌టాప్ తెద్దామని లేచేలోపు మా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఏ స్టాపులో దిగాలో, కాలువ ఏ పక్కనుంచి మొదలవుతుందో, ఎండ ఎక్కకముందే ఎందుకు వెళ్ళాలో, అంతా నోటికి చెప్పింది. ఆ కుర్రాడి భార్య మాంసం ముట్టదు. తిండెట్టా ఆంటీ అని అడగ్గానే తను నావైపు తిరిగింది.

"సూట్‌కేసులో కుక్కరుంది, తెచ్చివ్వండి" అంది.

తెచ్చాను. తేనని అనాలనిపించింది. వాళ్ళ ముందు అనలేకపోయాను.

"అయ్యో, మీరు వెళ్ళేటప్పుడు కావాలిగా ఆంటీ" అంది ఆ అమ్మాయి.

"ఉంచుకోమ్మా. ఇది ఇక్కడ పనిచెయ్యదు."

వాళ్ళు వెళ్ళగానే నేను అరిచాను. ఎందుకిచ్చావు, ఎవరినడిగి ఇచ్చావు, అది మనది కాదా అని నోటికొచ్చిందల్లా అన్నాను. తను అంతా విని, కప్పులు సింకులో వెయ్యమంది. వేసి, కడిగి, బోర్లించాను. ఖాళీ అయిన సూట్‌కేసు మంచం కిందికి తోసేశాను.

పోయినవారం వాళ్ళు క్యోటోనుంచి ఫోటోలు పంపారు. కాలువ, దారి, పూలు, అన్నీ కేలండర్‌లో ఉన్నట్టే ఉన్నాయి. ఇప్పుడు తన వేళ్ళు సరిగ్గా కదలవు, అందుకని ఫోన్ నేను పట్టుకుని ఒక్కొక్కటీ జరిపాను. కాలువ ఫోటోల దగ్గర తను ఆపమనలేదు. చివర్లో హోటల్ గది, కిటికీ పక్కన బల్ల, దానిమీద మా తెల్ల కుక్కరు మూత తెరిచి ఉంది, లోపల అన్నం. దాని దగ్గర ఆపమంది.

"మెతకైపోయింది చూడండి. దానికి నీళ్ళు తక్కువ పొయ్యాలేమో. చెప్పి ఇవ్వాల్సింది నేను" అంది.

"నీకెట్టా తెలుస్తుంది? ఒక్కసారన్నా దాంట్లో వండావా?" అనేశాను. నోరు జారాక ఇక ఏం చెయ్యలేం.

తను ఆ అన్నాన్నే చూస్తూ ఉంది.

"వండలేదుగా" అంది.