రాజవ్వ మూసిన కలుగులు

నిన్నటి వానకు మా పెరటి గోడ మొదట్లో పందికొక్కు మళ్లీ తవ్వింది. మెత్తని మట్టి కుప్ప, దాని పక్కనే పిడికిలి పట్టేంత కలుగు. తడిమట్టి ముద్ద చేసి కలుగులో అదిమాను. ఆ బురద వాసన చేతికి అంటగానే రాజవ్వ గుర్తొచ్చింది, వెనకే సిగ్గూ వచ్చింది. ఏళ్లు గడిచినా ఆ రెండూ జంటగానే వస్తాయి.

అప్పట్లో మేం మహారాష్ట్రలో, చంద్రపూర్ పక్కనే దుర్గాపూర్‌లో ఉండేవాళ్లం. మా ఆయనకు విద్యుత్ కేంద్రంలో ఉద్యోగం, నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఇళ్ల వెనక పారే నాలా, దాని వెంట తుంగ, ఏడాది పొడవునా తడి. పక్కింటి రాజవ్వది సరిహద్దు ఊరు లక్కడ్‌కోట్. గనిలో పనిచేసే కొడుకు దగ్గర ఉండేది. ఆమెకు అక్షరం రాదు కానీ నేల మీద రాత్రి ఏ జీవి తిరిగిందో పొద్దున్నే పేపరు చదివినట్టు చదివేది.

మొదటి వానాకాలంలో కోసు మూతి జీవి ఒకటి మా వంటింటి గోడ వెంట ఉరికితే, ఎలుక పిల్ల అనుకుని చీపురెత్తాను. రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"అది చుంచు, టీచరమ్మా. బొద్దింకల్ని తింటది. కంపు కొడ్తదని చంపుతవా?"

పిల్లలకు జంతువుల పాఠం చెప్పే నాకు చుంచు ఎలుక కాదన్న తేడా తెలియలేదు. అసలు శత్రువు పందికొక్కు అని చెప్పి, పెరట్లోకి తీసుకెళ్లి దాని కలుగులు చూపించింది. సాయంత్రం కలుగులన్నీ తడిమట్టితో మూసేది. తెల్లారేసరికి ఏది తెరుచుకుంటే దాని దగ్గర బోను పెట్టించేది. గడ్డి కోయమంది, మురుగు పోయే మోరీకి ఇనుప జాలీ కొట్టించమంది, మెతుకులు బయట పారేయొద్దంది. ఎలుకల మందు జోలికి మాత్రం పోనిచ్చేది కాదు. "మందు తిన్నది నీళ్లకు ఉరుకుతది. నాలా నీళ్లు అందరివి," అనేది. ఆమె ఏ కలుగు దగ్గరికి వెళ్లినా ముందు మోత్యా వెళ్లేది. అది ఆమె ఎర్ర కుక్క.

మూడో ఏడు పందికొక్కు మా బియ్యం బస్తా కొరికేసింది. వారమైనా బోనులో పడలేదు. ఇంకో నాలుగు రోజులు ఓపిక పట్టమంది రాజవ్వ. నలుగురికి చదువు చెప్పేదాన్ని, నాకీమె చెప్పేదేమిటని ఒళ్లు మండింది. ఆమె బజారుకు వెళ్లినప్పుడు పిండిలో ఎలుకల మందు కలిపి, ఉండలు చేసి, తెరిచి ఉన్న కలుగులో వేశాను. మధ్యాహ్నం వాన దంచింది. సాయంత్రం ఆమె ఎప్పటిలాగే కలుగులు మూసింది. మోత్యా ఆమె చుట్టూ మూతితో నేల వెతుక్కుంటూ తిరిగింది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఉండలు లోపలే ఉన్నాయనుకున్నాను.

పొద్దున మోత్యా కంచె పక్కన చచ్చి పడి ఉంది. వాన నీళ్లకు బయటికి కొట్టుకొచ్చిన ఉండలు ఇంకా రెండు మట్టిలో కనిపించాయి. ముందు వాటిని ఏరి కాగితంలో చుట్టి దాచాను. ఆ తర్వాతే ఏడుస్తున్న రాజవ్వ దగ్గరికి వెళ్లాను.

"మందు గిట్ల పెట్టినవా, బిడ్డా?" అని ఒక్కసారే అడిగింది.

లేదన్నాను. ఆమె నమ్మింది. నమ్మి, తప్పు తన మీదే వేసుకుంది. పందికొక్కు కలుగుల్లో పాములు దూరతాయి. తాను మూసిన దాంట్లో పాము ఉండి, ఇంకో దారిన బయటపడి మోత్యాను కరిచిందని తేల్చుకుంది. ఆ రోజు నుంచి మట్టి ముట్టలేదు. ఎవరు పిలిచినా తనకు తెలియదని పంపేసేది. వాళ్లు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆమె విద్యే వాళ్లకు చెప్పాను, టీచరమ్మకు అన్నీ తెలుసని అనిపించుకున్నాను. కుక్కను చంపింది తొందరపాటు అనుకోవచ్చు. ఇది మాత్రం దొంగతనం.

పోయినేడు గోండ్‌పిప్రిలో కొడుకు కట్టుకున్న ఇంట్లో ఆమెను చూశాను. గోడ పక్కన కొత్త మట్టి కుప్ప ఉంది.

"నా చేతి మీద నాకు నమ్మకం పోయింది బిడ్డా. నువ్వు ముయ్యి," అంది.

మూశాను. నిజం చెప్పేద్దామనే లేచాను. ఆమె చెంబుతో నా చేతుల మీద నీళ్లు పోస్తూ, "నీ చెయ్యి మంచిది," అంది. నేను తల వంచుకుని బురద కడుక్కున్నాను.

ఇవాళ కూడా కడుక్కున్నాను. గోండ్‌పిప్రికి రోజూ బస్సులున్నాయి. నేనే ఎక్కడం లేదు.