క్యారియర్ లేని సైకిల్

హాస్టల్‌లో నా గదిలో ఉండేవాడికి ఒక అలవాటు. ఏ సైకిల్ కనబడినా ఒంటిచేత్తో పైకెత్తి బరువు చూసేవాడు. యూనివర్సిటీ సైకిల్ పందేలకు రేసు సైకిల్ కొనే స్తోమత లేదు. ముషీరాబాద్ దుకాణంలో పాతవన్నీ ఎత్తి చూసి, ఒకటి పట్టాడు.

"గిదే అన్నిట్ల అల్కగున్నది."

మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్ విప్పి మంచం కిందకు తోశాడు. పొద్దున్నే తార్నాక నుంచి హబ్సిగూడ దాటి తొక్కి వచ్చి, మళ్లీ ఎత్తేవాడు. "ఇంకింత అల్కగైంది" అనేవాడు, నమ్మకంగా.

పందేలు దగ్గరపడ్డాక, ఊళ్లో పాలమ్మే వాళ్ల నాన్న పోయాడు. దినాలయ్యాక వచ్చి, మంచం కింద నుంచి క్యారియర్ తీశాడు.

"ఇగ పాలు నేనే ఎయ్యాలె. క్యాన్లు కట్టనీకి ఇది గావాలె గద."

నేను పానా అందించాను. బిగించి, క్యారియర్‌ను గట్టిగా ఊపి చూశాడు. సైకిల్ మాత్రం ఎత్తి చూడలేదు.