రెండు పేర్ల ఓడ

“రెండు పేర్లూ రాయాలె బిడ్డా. లేకుంటే నా జాగా ఖాళీగ ఇడిసిపెట్టుమను. సోమన్నకు రంగైనా మిగులుతది.”

కురుమయ్య తాత ఈ మాట కోపంగా అనలేదు. మంచం మీద కాలు మీద కాలు వేసుకుని, తీరిగ్గా అన్నాడు. ఊరి బడి ప్రహరీ మీద మిలటరీలో పనిచేసిన మా ఊరివాళ్ల పేర్లు రాయిస్తున్నారు. ఆరుగురిలో ఐదుగురి పేర్లు సోమన్న పెయింటర్ ముందురోజే రాసేశాడు. మిగిలింది తాతది. ఆయన నౌకాదళంలో చేశాడు. ఓడ పేరొక్కటి కనుక్కుని రమ్మని పెద్ద పంతులమ్మ స్వరూప మేడం నన్ను పంపింది. తాత రెండు చెప్పాడు: ‘జలధీర’, దాని కింద ‘రోష్నీ’. రెండోది పాకిస్తాన్ వాళ్లు పెట్టిన పేరు. అది వినగానే బడి కమిటీ బాలయ్య, “శత్రువుల ఓడ పేరు మన పిల్లల గోడ మీదనా?” అని అడ్డం తిరిగాడు. అందుకే నేను మళ్లీ వచ్చాను.

“బాలయ్యకేం తెల్సు? ఆయన చూసిన పెద్ద నీళ్లు సాగర్ కాలువ,” అన్నాడు తాత.

“నువ్వు మాత్రం పుట్టంగనే సముద్రంల ఈదినవా?” చేటలో కందులు చెరుగుతూ ఆయన భార్య బిక్షమ్మ అవ్వ అందుకుంది.

తాత నవ్వాడు. ఈదింది లేదు. దేవరకొండ పక్కన వాన పడితేనే పంట పండే ఊళ్లో గొర్లు కాసిన మనిషి. ఇరవై ఏళ్లప్పుడు మిలటరీలో చేరదామని హైదరాబాద్ పోయాడు. “కాల్బలం లైను పొడుగున్నది, నీళ్లోళ్ల లైను పొట్టిగున్నది. ఆకలైతాంది. పొట్టి దాంట్ల నిలవడ్డ,” అంటాడు. అట్లా ఓడలో వంటమనిషి అయ్యాడు. మొదటిసారి సముద్రం చూసి ఏమనుకున్నావు తాతా అని అడిగితే, “ఇన్ని నీళ్లుండంగ మా బాయికి బొక్కెనెడు రాకపాయె అనుకున్న,” అన్నాడు.

డెబ్బై ఒకటి బంగ్లా యుద్ధంలో ‘రోష్నీ’ మన నౌకాదళం చేతికి దొరికింది. నది సముద్రంలో కలిసేచోట బురదలో కూరుకుపోతే, దాని మనుషులు వదిలేసి వెళ్లిపోయారు. పోటు నీళ్లు వచ్చినప్పుడు మనవాళ్లు దాన్ని లాగారు. ముందున్న తోపును, అంటే ఫిరంగిని, ఊడదీసి, ఆ జాగాలో గాయపడ్డవాళ్లను పడుకోబెట్టడానికి చెక్కలు పరిచారు. పేరు మీద బూడిద రంగు పూసి కొత్త పేరు రాశారు. తాతతో కలిపి పద్నాలుగు మందిని పనికి ఎక్కించారు. ఎగువ నుంచి గాయపడ్డ జవాన్లను తెచ్చి, సముద్రంలో ఆగిన పెద్ద ఓడకు చేర్చడం దాని పని. యుద్ధం ముగిసేదాకా చేసింది ఎనిమిది రోజులు.

“రెండో దినమే ఆగిపోతుండె,” అన్నాడు తాత. “నలభై మంది పండి ఉన్నరు. ఇద్దరు నెత్తురు ఆగక మూలుగుతున్నరు. ఇంజను సలసల కాగుతాంది. ఇంజనోళ్లు ఇద్దరూ కేరళోళ్లు, ఇంజన్ను సల్లవరిచే నీళ్ల మూత మొత్తం తెరిసే ఉన్నది, మరెందుకు కాగుతాందని తలలు వట్టుకున్నరు. నేను చాయ్ తీస్కొని కిందికి దిగిన. మూత పక్కన గోడ మీద సుద్దముక్కతోని రాసి ఉన్నది.”

ఆ రాతను అందరూ చూశారు. ఒక్కరూ చదవలేదు. ఉర్దూ అక్షరాలు కనబడగానే ఏదో ప్రార్థన అనుకున్నారు. దేవుడి మాటలు ఎవరివైనా తొక్కొద్దు, తుడవొద్దు అని ఆఫీసరు చెప్పాడు. మిగతా గోడకంతా రంగు వేసి, ఆ రాతల చుట్టూ జాగ్రత్తగా వదిలేశారు. తాత మాత్రం నైజాం పోయినా ఉర్దూ ఇంకా పోని రోజుల్లో, దేవరకొండలో మౌల్వీ సారు దగ్గర మూడేళ్లు చదివినవాడు.

“ఏం రాసుంది తాతా?”

“‘ఈ మూత ఉల్టా తిరుగుతది. తెరిసినట్టు కనవడ్తే మూసినట్టు.’ కింద పేరు, ఫజల్ అని, మునుపటి ఇంజనోడు. నేను చదివి చెప్తే, వంటోనివి నీకెందుకన్నరు. చాయ్ గిన్నె కింద పెట్టి నేనే తిప్పిన. నీళ్లు గుడగుడమని వచ్చినయి. ఆ తెల్లారి నుంచి వంట సగం, చదువుడు సగం. పదకొండు జాగలల్ల రాసిండు ఆయన.”

“ఇంట్లనేమో ఉప్పెక్కడుంటదో తెల్వదు,” అంది అవ్వ.

నాకు బాలయ్య ప్రశ్నే మిగిలింది. “ఆయన మీకోసం రాయలేదు కద తాతా. తన పనికి రాసుకున్నడు.”

 తాత మంచం మీది దుప్పటి మడత సరిచేశాడు.

“నిజమే. రాసింది తనకే. గాని పోయేటప్పుడు వాళ్లు తోపు చెడగొట్టి పోయిన్రు, తొవ్వ జూపే నక్షలు కాలవెట్టి పోయిన్రు. గీ సుద్ద రాతలు అరచేతితోని రుద్దితే పోతయి. రుద్దలే. మర్సిపోయిండా, కావాల్నని ఉంచిండా, నాకు తెల్వదు. నలభై మంది బతికి పెద్ద ఓడెక్కింది మాత్రం తెల్సు. జలధీర అని ఒక్కటే రాస్తే అబద్ధం గాదు, సగమే నిజమైతది. సగం కోసం నా పేరెందుకు?”

“పిల్లలు అడుగుతరు, ఏం చెప్పాలె అంటున్నరు మేడం.”

“అడగాలనే గద రాయమంటున్న.” ఆయన లేచి, గోడకున్న మేకు నుంచి అంగీ తీసి తొడుక్కున్నాడు. ఒక గుండీ ఊడింది, దాన్ని పట్టించుకోలేదు. “నువ్వు పోయి మేడంకు చెప్పు. సోమన్నను కుంచె పట్టకుమను. పిల్లలను గోడ ముందర కూసోబెట్టుమను, నేను ఎన్క నడుసుకుంట వస్త. మొత్తం చెప్త. విన్నంక ఒక్క పేరు చాలని వాళ్లంటే ఒక్కటే రాయుండ్రి, నేను మారుమాట మాట్లాడ.”

నేను బండి స్టార్ట్ చేశాక తాత వెనక నుంచి కేకేశాడు:

“బాలయ్యను బండి మీద ఎక్కించుకొని పో బిడ్డా. ముందటి వరుసల కూసోబెట్టు.”