గొడ్డునమ్మినా గంట అమ్మరు

పోయిన డిసెంబరులో ఒక యువకుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. లంబసింగిలో టెంట్లు వేసి పర్యాటకులకు మంచు చూపించే వ్యాపారం అతనిది. మర్యాదస్తుడే. చెప్పులు మెట్ల కిందే విడిచాడు, కూర్చోమన్నాక గాని కూర్చోలేదు. భోజనాల పాకలో అలంకారానికి పాత సామాన్లు కావాలట, మా ఇంట్లో ఉన్నాయని ఎవరో చెప్పారట. లోపలి గదిలోకి తీసుకెళ్ళి చూపించాను. ఒక్కొక్క వస్తువు ముందూ ఆగి ధర అడిగాడు, ఒక్కొక్కదానికీ కాదన్నాను. అతను నొచ్చుకోలేదు. "పోనీ, వీటన్నిటిలో మీకు ప్రాణమనిపించేది ఏదండీ? కొననులెండి, ఫొటో తీసుకుంటాను" అన్నాడు. అది ఈ ఇంట్లో లేదన్నాను. బ్యాంకు లాకరులో ఉందనుకున్నాడు కాబోలు, గౌరవంగా తల ఊపి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అతనికి చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. ఆ పూట ఓపిక లేకపోయింది. ఇక్కడ చెబుతాను.

మాది ముఠాదారు కుటుంబం. ఇప్పుడు ఆ మాటకు అర్థం కూడా చెప్పుకోవలసి వస్తోంది. ఒకప్పుడు ఈ కొండల్లో కొన్నేసి ఊళ్ళ పెద్దరికం, శిస్తు వసూలు చేసే హక్కు తరతరాలుగా ఒక్కో ఇంటికి ఉండేవి. అలాంటి ఇల్లు మాది. మొదట హక్కు పోయింది, తరవాత భూమి, ఆ తరవాత సామాను. పెద్దరికం మాత్రం కొనేవాళ్ళెవరూ లేక మా దగ్గరే మిగిలిపోయింది. మా నాన్న ఇంట్లో వస్తువులు అమ్మినన్నాళ్ళూ వీధి గుమ్మం నుంచి ఒక్కటి కూడా పోనివ్వలేదు. అన్నీ పెరటి దారినే వెళ్ళాయి. ఏది పోయినా "మరమ్మతుకు పంపాను" అనేవాడు. నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి మా ఇంట్లో సగం సామాను మరమ్మతులో ఉండేది.

బడిపంతులుగా ఉద్యోగం చేసి, రిటైరయ్యాక, ఆ మరమ్మతుకు వెళ్ళిన సామాను వెనక్కి తెచ్చే పని పెట్టుకున్నాను. దీనికి ఒక నియమం ఉంది. ఒక్కసారి అడుగుతాను, అడిగిన ధర ఇస్తాను, బతిమాలను. ఇత్తడి కూజా ఒక కిరాణా కొట్టులో గొడుగులు పెట్టుకునే పాత్రగా దొరికింది. చెక్కడపు తలుపు రెక్క ఒకటి కోళ్ళగూటికి మూతగా ఉంది. కోళ్ళకు వేరే తలుపు చేయించి ఇచ్చేదాకా ఆ ఇంటావిడ వదల్లేదు. మా తాత కూర్చున్న పీట మీద ఒక మాస్టారు టీవీ పెట్టుకున్నాడు. ఇలా నాలుగైదేళ్ళలో గది నిండింది. దొరకనిది ఒక్కటే, పెద్దావు గంట.

మాకు పెద్ద మంద ఉండేది. ఉదయం కొండెక్కి, సాయంత్రం పొద్దుగూకే వేళకు దిగేది. ఈ కొండల్లో పశువు మెడకు కొయ్యగంట కడతారు. గుమ్మడి టేకు దుంగను తొలిచి, లోపల రెండు వెదురు నాలుకలు వేలాడగడితే అదే గంట. ఇనుములా గణగణలాడదు, పొదల్లో ఎవరో తలుపు తట్టినట్టుంటుంది. మంద ముందు నడిచే ఆవును పెద్దావు అనేవాళ్ళం. దాని గంట గురించి మా నాయనమ్మ చెప్పని రోజు లేదు. కుంచమంత ఉండేదట, మూడు కొండల అవతలికి వినపడేదట. ముఠాదారు మంద వస్తోందంటే దారిలో ఉన్నవాళ్ళు పక్కకు తప్పుకునేవారట. నేను స్వయంగా చూసినవాణ్ణే గాని, చిన్నతనంలో చూసినదానికన్నా నాయనమ్మ చెప్పిందే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. మందను సంతలో విడివిడిగా అమ్మేశారు. పెద్దావును గూడెం కొత్తవీధి పైన ఒక కొండ ఊరి రైతు కొన్నాడు. గంట ఏమైందో ఎవరూ చెప్పలేదు.

చివరికి దాని ఆచూకీ తెలిసింది. మా మంద కాసిన కాపరి తాత ఇంకా బతికే ఉన్నాడని, ఆ కొండ ఊళ్ళోనే కొడుకు ఇంట్లో ఉంటున్నాడని, అతని అటక నిండా కొయ్యగంటలేనని కాఫీ తోటల్లో పనిచేసే ఒకాయన చెప్పాడు. ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని వెళ్ళాను. జీపు దిగాక గంటన్నర నడక. నన్ను చూడగానే కాపరి తాత "సిన్నబాబు" అన్నాడు. నాకు అప్పటికి అరవై మూడేళ్ళు.

ఆ ఇల్లు ఒకే గది. పొయ్యి మీద, పొగ తగిలే చోట, వాసాలకు గంటలు వరుసగా వేలాడుతున్నాయి. ముప్పై పైనే ఉంటాయి. పొగకు నల్లబడి, చేతి జిడ్డుకు నిగనిగలాడుతున్నాయి. చిన్నవి, పెద్దవి, ఒక పక్క చీలి నార కట్టినవి. చెద పట్టని కొయ్య ఏదైనా ఉందంటే అది పొయ్యి మీది కొయ్యేనని కోడలు చెప్పింది. ఆదివారం చర్చికి వెళ్ళి అప్పుడే వచ్చిందేమో, తెల్లచీర మార్చకుండానే రాగులు చెరుగుతోంది. మనిషి నోరున్నది.

అవి ఎలా వచ్చాయని అడిగాను. గొడ్డును అమ్మేటప్పుడు గంట అమ్మకపోవడం ఇక్కడి ఆచారమట. కొన్నవాడికి గొడ్డును అప్పజెప్పే ముందు మెడలో గంట విప్పుకుంటారు. కొత్త యజమాని తన గంట తాను చేయించుకుంటాడు. ఆచారం తెలిసిన మా నాన్న గంటలు విప్పించాడు గాని, విప్పినవి ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు. అవి సంతలోనే ఉండిపోతే కాపరి తాత గోనెలో వేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు. ఆ తరవాత ఊళ్ళో ముసలివై చనిపోయిన ఆవులవీ, పులి పట్టిన ఎడ్లవీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. కొనడానికి పట్నం నుంచి ఎవరెవరో వచ్చారట. ఎవరికీ ఇవ్వలేదు.

నేను కొంటాననలేదు. మా వస్తువును మేం కొనుక్కోవడమేమిటి? పెద్దావు గంట మా ఇంటిది, తీసుకెళ్ళడానికి వచ్చానన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, కోడలు చేట ఆపి చూసింది. కాపరి తాత మాత్రం ప్రశాంతంగా, "మీదే, ఎవరు కాదన్నారు? ఏదో సూపించు, ఎత్తుకెల్లు" అన్నాడు.

నేను తడుముకోలేదు. అన్నిటిలోకీ పెద్దది మూలగా వేలాడుతోంది. అంచున గీతల చెక్కడం కూడా ఉంది. లేచి దాని మీద చెయ్యి వేశాను. ఆ ముసలాయన నవ్వుకు ఊపిరాడక దగ్గాడు. కోడలు నీళ్ళిచ్చింది.

"అది దొంగావుది సిన్నబాబూ. కళ్ళు మూసి తెరిసేలోగా సేలోపడి సామలు మేసేసేది. అందుకే మా నాయన దానికి అంత గంట సెక్కినాడు. పెద్దావుకి పెద్ద గంటెందుకూ? అది తప్పిపోదు. మందంతా దాని ఎనకాలే ఉంటాది."

గుప్పెడంత గంట ఒకటి దించి నా ముందు పెట్టాడు. చెక్కడం లేదు, ఏమీ లేదు. జామకాయ తొలిచినట్టుంది. ఇంతసేపూ నేను చెయ్యి వేసి నిలబడ్డది మా ఇంటి దొంగావు మెడ మీదన్నమాట. ఆ మాట పైకి అనకుండా కోడలు చాలా కష్టపడింది. చివరికి అనేసింది కూడా.

ఇక ఆ మధ్యాహ్నం చూసినదాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. కాపరి తాత గంటలను ఒక్కొక్కటే దించి, కళ్ళు మూసుకుని ఆడించడం మొదలుపెట్టాడు. ఊపడం కాదది. మణికట్టుతో నడిపించడం. ఒకటి గునగున పరుగెత్తింది. అది ఎర్రపెయ్య, కొండ దిగేటప్పుడు ఆగేది కాదన్నాడు. ఒకటి బరువుగా, ఆలోచించి అడుగేసినట్టు మోగింది. అది చూడి ఆవు, ఈనే ముందు నెలది. ఒకటి రెండడుగులు వేసి ఆగి, గబుక్కున తల విదిలించింది. జోరీగలు పట్టాయట. ఒక్క గంటా ఇంకో గంటలా నడవలేదు. ఆ గదిలో ఊడిపోయిన పళ్ళతో ఒక ముసలాయన, పొయ్యి, నేను, చేట పట్టుకున్న కోడలు. అయినా మా మధ్యనుంచి మంద వెళ్తోంది. నేను కాళ్ళు దగ్గరికి తీసుకున్నాను, తొక్కుతాయేమోనన్నట్టు. కోడలు చెరగడం మానేసి గోడకు ఒదిగింది. ఆవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో, అయినా ఒదిగింది.

అన్నిటి చివరా ఆ గుప్పెడు గంట తీసుకున్నాడు. టొక్కు, టొక్కు, టొక్కు, టొక్కు. ఆగింది. ఒక శ్వాసంత సేపు ఏమీ లేదు. మళ్ళీ టొక్కు, టొక్కు. నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు. చిన్నప్పుడు సాయంత్రాలు ఆ చప్పుడు వినపడగానే వీధిలోకి పరుగెత్తి వెదురు తడిక తీయడం నా పని. మంద కంటికి కనపడకముందే తీసి నిలబడాలి. యాభై ఏళ్ళకు పైగా నా మతిలో లేని ఆ పని నా కాళ్ళలో ఉండిపోయింది. మా ఇంట్లో పుట్టినవాళ్ళు ఎవరొచ్చినా లేవరు. తాసీల్దారు వచ్చినా మా తాత పీట దిగలేదని చెప్పుకుంటారు.

"బాబు లేసినాడేటి మావా" అంది కోడలు, నెమ్మదిగా.

"గేటు తియ్యడానికి" అన్నాడు కాపరి తాత, కళ్ళు తెరవకుండానే.

పెద్దావు నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి చూసేదట, అందరూ వస్తున్నారా లేదా అని. ఆ ఆగడం మంద మొత్తంలో దానికొక్కదానికే ఉండేదట. నేను గంట తీసుకుని ఆడించి చూశాను. మోగింది గాని, ఏ ఆవూ రాలేదు. చాలాసేపు ప్రయత్నించాను. నా నడుమే వంగదు, చెయ్యేం వంగుతుందని కోడలు తేల్చేసింది. అప్పుడర్థమైంది, నేను అడగడానికి వచ్చింది కొయ్యలో లేదని. తీసుకెళ్ళమని ఆయన రెండుసార్లు చెప్పాడు. తీసుకెళితే గదిలో ఇంకొక వస్తువు చేరుతుంది, అంతే. ఈయన పోతే మా పెద్దావు రెండోసారి చచ్చిపోతుంది. మరి ఎందుకు దాచావు, నీ తరవాత ఏమవుతాయని అడిగాను.

"నడక పోదు బాబూ. ఎక్కడో ఓ దూడకి మల్లీ వొత్తాది. సూత్తన్నాను" అన్నాడు.

ముసలితనపు మాట అనుకున్నాను. గంటను ఆయన దగ్గరే వదిలి దిగి వచ్చేశాను. ఆ తరవాత రెండేళ్ళలో నాలుగైదుసార్లు వెళ్ళాను, ఏదో ఒక పని పెట్టుకుని. వెళ్ళినప్పుడల్లా ఆయన ఊరి చివర బండ మీద కూర్చుని దూడల కాళ్ళకేసి చూస్తూ ఉండేవాడు. ఎర్రపెయ్య గంట ఒక కోడెదూడ మెడలో కనిపించింది. ఇంకో రెండు గంటలు కూడా అటక మీద తగ్గాయి. నేను గమనించి ఊరుకున్నాను. అడిగితే నమ్మినట్టవుతుంది.

మూడో ఏడు చలికాలం మొదట్లో కబురొచ్చింది. ఫోనులో కోడలు. "బేగి రా బాబూ, మావ రమ్మంతన్నాడు. మంచం మీదున్నాడు" అంది. ఆయనకు బాగా లేదనుకుని వెళ్ళాను. ఆయన మంచం మీద ఉన్నమాట నిజమే, ఆ మంచం ఊరి చివర ఎండలో వేయించుకున్నాడు. పక్కన ఆ గుప్పెడు గంట. ఎదురుగా వాలులో నల్లటి పెయ్య ఒకటి మేస్తోంది. మా పెద్దావును కొన్న రైతు మనవడిది. పెద్దావు సంతతి ఆ కొట్టంలోనే ఎన్ని ఈతలు దాటిందో లెక్క వాళ్ళకే తెలియదు. పెయ్య నాలుగడుగులు వేసింది. ఆగింది. తల తిప్పి వెనక్కి చూసింది. వెనక ఒక్క గొడ్డు కూడా లేదు, అయినా చూసింది. మళ్ళీ కదిలింది.

కాపరి తాత గంట నా చేతిలో పెట్టాడు.

"నీ ఇంటిది. పట్టికెల్తే నీ గదిలో ఉంటాది, కడితే కొండ మీదుంటాది. ఏటి సేత్తావో నువ్వే సెప్పు."

నేను తిరిగి తెచ్చుకున్న ఏ వస్తువునూ మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. అవి మా ఇంటి నుంచి ఒకసారి పోయినవి, రెండోసారి పోవడానికి వీల్లేదన్నది నా పట్టుదల. ఇది మా మందలో మిగిలిన ఒక్క గుర్తు. దాన్ని వేరొకరి పెయ్య మెడకు కట్టమని అడుగుతున్నాడు. రేపు ఆ పెయ్యను లోయలో పడేసుకున్నా, సంతలో అమ్ముకున్నా నేను అడగలేను. చాలాసేపు గంటను అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. రైతు మనవడు పలుపు పట్టుకుని కొంచెం దూరంగా ఉన్నాడు, తొందరపెట్టకుండా. కోడలు కూడా వచ్చి మంచం పక్కన నిలబడింది.

నేనే కట్టాను. కట్టడానికి మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. పెయ్య నా చొక్కా వాసన చూసి, నచ్చక, వాలులోకి వెళ్ళిపోయింది. పొదల అవతల కనపడకుండా పోయాక వినపడింది. నాలుగు టొక్కులు. ఆగింది. నలుగురం విన్నాం. మళ్ళీ వినపడింది. కాపరి తాత చెయ్యి మంచం పట్టె మీద కదలడం లేదు. ఇన్నేళ్ళూ తన మణికట్టులో మోసిన ఆవును దింపేసి, చెయ్యి ఖాళీగా పెట్టుకుని వింటున్నాడు.

మరుసటి ఏడు వానలకు ఆయన పోయాడు. మిగిలిన గంటలు అటక మీదే ఉన్నాయి. పట్నం నుంచి ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తారు, కోడలు కాఫీ ఇచ్చి పంపేస్తుంది. సాయంత్రాలు ఆవిడ ఆ బండ మీద కూర్చుని దూడల కాళ్ళకేసి చూస్తోందని, అడిగితే ఊరికే కూర్చున్నానంటోందని విన్నాను. నేను ఏడాదికి రెండుసార్లయినా ఆ ఊరు వెళ్ళి, మంద దిగే వేళకు దారి పక్కన నిలబడతాను. పోయిన కాలం తిరిగి రాదంటారు. వస్తుంది. మనం ఉన్నామో లేదో చూసుకుని మాత్రం రాదు.